అసలు ప్రతి, మారు ప్రతి



తుంగభద్ర హంపి దాటి, కంప్లి మీదుగా దిగువకు వచ్చి, సిరుగుప్ప తాలూకాలోని కెంచనగుడ్డను ఒరుసుకుని పారుతుంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరాయి. సిరుగుప్ప మైసూరులో కలిసింది. బంధుత్వాలకు మాత్రం ఆ గీత అడ్డం రాలేదు. తాతలనాటి పెళ్లి ఫోటో, పొలం దస్తావేజు ఒక ఇంట్లో ఉంటే, వాటి నకళ్లు ఇప్పుడు సెల్‌ఫోన్లలో సరిహద్దు దాటి చుట్టాల ఇళ్లకు చేరుతున్నాయి. నాలుగు చేతులు మారేసరికి ముఖాలు చెదిరిపోతాయి. సర్వే నంబరులో ఉన్నది 3 అంకెో, 8 అంకెో తెలియదు. ఎందుకిలా జరుగుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు హంపికే వెళ్లాలి. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి అక్కడి కట్టడాలను మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌ల మీద చిత్రించాడు. 1983లో ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ అవే చోట్ల నిలబడి మళ్లీ ఫోటోలు తీశాడు. నూట పాతికేళ్లలో ఏది నిలిచిందో, ఏది కూలిందో పోల్చి చూడడం సాధ్యమైంది. కారణం ఒక్కటే: నెగటివ్‌లు మిగిలాయి. ప్రింటు ఎన్నిసార్లు తీసినా నెగటివ్ వేరుగా ఉండేది.

డిజిటల్ ఫోటోకు అలా విడిగా నెగటివ్ ఉండదు. సవరించి అదే పేరుతో భద్రపరిస్తే, కొత్తది పాతదాని మీదే కూర్చుంటుంది.

పైగా అక్కడ ఒక లెక్క నడుస్తుంది. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు గార్లు 1974లో అమెరికాలో ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్’ అనే పద్ధతిని ప్రచురించారు. అంతకుముందు 1972లో అహ్మద్ దీనికోసం ధనసహాయం కోరితే, అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ మంజూరు చేయలేదు. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణానికి ఆ పద్ధతే పునాది అయింది.

జేపెగ్ బొమ్మను అడ్డం 8, నిలువు 8 చుక్కల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిని 64 సంఖ్యలుగా మారుస్తుంది. కన్ను అంతగా పట్టించుకోని సన్నని వివరాల సంఖ్యలను సవరించి గుండుగుత్తగా రాసుకుంటుంది. పైసలు వదిలేసి రూపాయల్లోనే పద్దు రాసుకున్నట్టన్నమాట. ఫైలు చిన్నదవుతుంది, కానీ వదిలిన పైసలు తిరిగి రావు. బొమ్మను కత్తిరించో, వెలుగు పెంచో మళ్లీ భద్రపరిస్తే, పద్దు కొత్తగా వేసి మళ్లీ పైసలు వదిలేస్తుంది. అక్షరాల పదునైన అంచులు ముందుగా దెబ్బతినేది అందుకే.

ఫైలును ఊరికే తెరిచి చూసినా, మార్చకుండా నకలు తీసినా నష్టం లేదు. సవరణకు ముందే ఒక నకలు తీసి, దాని మీదే పనిచేయండి. మధ్యలో భద్రపరచవలసివస్తే టిఫ్ గానీ, పీఎన్‌జీ గానీ ఎంచుకోండి. పని పూర్తయ్యాక ఒక్కసారి, ఎక్కువ నాణ్యత ఎంచుకుని, జేపెగ్‌గా మార్చండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది కనుక డాక్యుమెంటుగా పంపండి. అయితే చెడిన బొమ్మను టిఫ్‌లోకి మార్చినంత మాత్రాన పోయిన అక్షరం తిరిగి రాదు.

కాబట్టి, అందిన నకలు మసకగా ఉంటే దానికే మెరుగులు దిద్దుతూ కూర్చోకండి. అసలు కాగితం ఏ ఇంట్లో ఉందో కనుక్కోండి. అది చెదలపాలు కాకముందే మళ్లీ ఫోటో తీసి, ఆ మొదటి ఫైలును ఎవరూ ముట్టుకోకుండా రెండు చోట్ల దాచండి. మన కాలపు నెగటివ్ అదే.