విద్వత్సభ – ఆతిథ్యధర్మము

రాజమహేంద్రవరమునకు విద్వద్గోష్ఠి నూతనము కాదు. రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమునకు పూనుకొనగా నారాయణభట్టు ఆతనికి తోడయ్యెను. ఆ నారాయణభట్టునకు రాజు అగ్రహారమిచ్చిన వృత్తాంతమును 1053 నాటి నందంపూడి తామ్రశాసనము తెల్పుచున్నది. సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్రభాషలయందు ఆతడు సుకవియని కొనియాడుచున్నది. ఆ శాసనమును రచించినవాడు నన్నయయే. సహాయుని విద్వత్తును ప్రధానకవి స్వయముగా చాటుట సభామర్యాదకు పరాకాష్ఠ.

1919లో పూనాలో ఆరంభమైన అఖిలభారత ప్రాచ్యవిద్యాసమ్మేళనము 1940లో తిరుపతిలో జరిగినది. ఆచార్యుల పత్రపఠనములతోపాటు పండితపరిషత్తును కూడ అంగముగా స్వీకరించిన సంప్రదాయము దానిది. చరిత్రకారుడు గ్రంథమునకు కాలమును నిర్ణయించును. అధ్యేత దాని స్వరమును, అన్వయమును నిలుపును. వీరిరువురిలో ఏ ఒక్కరు లేకున్నను విచారము అసమగ్రమే.

2006లో ఆదికవి నన్నయ పేరిటనే రాజమహేంద్రవరమున విశ్వవిద్యాలయము వెలసినది. ఆ నామమును ధరించిన విద్యాలయము సదస్సులకు ఆతిథ్యమిచ్చునప్పుడు వేదికపై ఘనాపాఠికి శాలువయే కాక ప్రసంగావకాశమును కూడ ఈయవలెను. ధవళేశ్వరమున గోదావరీతీరమున అధ్యయనము సాగించు మాబోటివారు కోరునది సన్మానము కాదు. పూర్వపక్షమును వినిపించుటకు, సిద్ధాంతమును వినుటకు చాలినంత సమయము. భోజన వసతులు అతిథిసత్కారమున సగమే. శ్రద్ధతో వినుట తక్కిన సగము.