విదేశీ సహాయ సంస్థల జవాబుదారీతనం

విదేశీ సహాయ సంస్థల జవాబుదారీతనం అనగా తుఫాను, వరద, భూకంపము వంటి విపత్తులలో ఇతర దేశాల దాతల నుండి విరాళాలు సేకరించి బాధితులకు చేర్చే సంస్థలు ఆ ధనమునకు ఎవరికి, ఏ విధముగా లెక్క చెప్పవలెనను విషయము. ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. దాత ఇచ్చిన సొమ్ము ఏమయినదన్నది మొదటిది. బాధితునికి ఏమి చేరినదన్నది రెండవది. మొదటిదానికి సమాధానం చెప్పే పత్రాలు అనేకం ఉన్నాయి. రెండవదానికి చాలా తక్కువ.

గోదావరి డెల్టాలో నేపథ్యం

గోదావరి డెల్టాకు విదేశీ విరాళాలు కొత్త కాదు. 1836లో నరసాపురం ప్రాంతమున మొదలైన గోదావరి డెల్టా మిషన్, ఆ తరువాత కాకినాడ, సామర్లకోట, రామచంద్రపురములలో పనిచేసిన కెనడియన్ బాప్టిస్టు మిషన్ విదేశీ చందాలతోనే పాఠశాలలను, ఆసుపత్రులను నడిపాయి. విపత్తు సహాయం పెద్ద ఎత్తున వచ్చినది మాత్రం 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత. కృష్ణా డెల్టాలో సుమారు పదివేల మందిని బలిగొన్న ఆ ఉప్పెన అనంతరం భారత రెడ్ క్రాస్, జర్మన్ రెడ్ క్రాస్ తోడ్పాటుతో కోస్తాలో తుఫాను రక్షణ భవనాలను నిర్మించింది.

1986 ఆగస్టులో గోదావరికి పెను వరద వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుఫానులో వెయ్యి మందికి పైగా మరణించారు. కాట్రేనికోన, ఐ.పోలవరం మండలాల మత్స్యకార గ్రామాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. గౌతమికి తూర్పున, సముద్రానికి దూరముగా ఉన్న మండపేట వంటి పట్టణాలకు ఇటువంటి ఉప్పెన ముప్పు తక్కువే. అయితే సహాయం రహదారి వెంబడి సాగుతుంది. లారీ చేరగల ఊరికి ముందు, పడవ దాటవలసిన లంక గ్రామానికి తరువాత అందుతుంది. సంస్థ వార్షిక నివేదికలోని మొత్తం పంపిణీ అంకె ఈ తేడాను చూపదు.

చట్టము

భారతదేశములో విదేశీ విరాళాలను నియంత్రించుటకు మొదటి చట్టము 1976లో వచ్చినది. దాని స్థానములో వచ్చిన 2010 నాటి విదేశీ విరాళాల (నియంత్రణ) చట్టము 2011 మే 1 నుండి అమలులోనికి వచ్చింది. దీని ప్రకారం నమోదు ఐదేళ్ళకు మాత్రమే చెల్లుతుంది. ప్రతి సంస్థ ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలలలోగా, అనగా డిసెంబరు 31 లోపు, ఆడిటరు ధ్రువీకరించిన లెక్కలతో ఎఫ్.సి.-4 అను పత్రమును కేంద్ర హోం మంత్రిత్వ శాఖకు సమర్పించవలెను.

2020 సవరణ మూడు ముఖ్యమైన మార్పులు చేసినది. నిర్వహణ వ్యయ పరిమితిని 50 శాతం నుండి 20 శాతానికి తగ్గించింది. విదేశీ విరాళమును ఒక సంస్థ మరొక సంస్థకు బదిలీ చేయుటను నిషేధించింది. విరాళాలన్నీ ముందుగా న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావలెనని నిర్దేశించింది. ఈ సవరణలను సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 8న నోయెల్ హార్పర్ కేసులో సమర్థించింది. బదిలీ నిషేధము వలన పెద్ద నగరములోని సంస్థ విదేశీ నిధి తెచ్చి, గ్రామాలలోని చిన్న సంఘాల ద్వారా ఖర్చుచేసే పాత పద్ధతి ఆగిపోయినది. గొలుసు కురచయినందున లెక్క తేలిక అయినదన్న మాట నిజమే. కాని ఊరి దారులు తెలిసిన చిన్న సంఘాలే ఎక్కువగా నష్టపోయాయి.

అంకెలను చదువు పద్ధతి

సహాయ సంస్థలను పోల్చుటకు సాధారణముగా వాడే కొలత నిర్వహణ వ్యయం శాతం. ఇది ఎంత తక్కువగా ఉంటే సంస్థ అంత మంచిదని దాతలలో బలమైన నమ్మకం ఉన్నది. ఈ నమ్మకం అంత గట్టిది కాదు. అమెరికాలో సంస్థలకు రేటింగు ఇచ్చే చారిటీ నావిగేటర్, గైడ్‌స్టార్ మొదలైనవే 2013లో ఈ ఒక్క కొలతపై ఆధారపడవద్దని దాతలకు బహిరంగ లేఖ వ్రాశాయి.

మొదటి చిక్కు గొలుసులో ఉన్నది. ఉదాహరణకు ఒక దాత వంద రూపాయలు ఇచ్చెననుకొనవచ్చును. దాత దేశములోని కార్యాలయం 20 శాతం ఉంచుకొని 80 రూపాయలు పంపును. ఇక్కడి ప్రధాన కార్యాలయం అందులో 20 శాతం వాడుకొనగా 64 రూపాయలు మిగులును. క్షేత్రములోని భాగస్వామి సంస్థ కూడ అంతే వాడుకొన్నచో బాధితునికి చేరునది సుమారు 51 రూపాయలు. మూడు సంస్థల నివేదికలలోను నిర్వహణ వ్యయం 20 శాతమే. ఏ ఒక్కరి లెక్క తప్పు కాదు, అయినా సగము సొమ్ము దారిలోనే తీరిపోయినది.

2010 హైతీ భూకంపము తరువాత ఇటువంటి వివాదమే చెలరేగింది. అమెరికన్ రెడ్ క్రాస్ సుమారు 50 కోట్ల డాలర్లు సేకరించి, ప్రతి డాలరులో 91 సెంట్లు హైతీకే వెచ్చించితిమని ప్రకటించింది. 2015లో ప్రోపబ్లికా, ఎన్.పి.ఆర్. వార్తాసంస్థల పరిశోధన ఆ సంస్థ నిర్మించిన శాశ్వత గృహాలు ఆరేనని వెల్లడించింది. సంస్థ ఆ కథనముతో విభేదించి, ఒక లక్షా ముప్పై వేల మందికి పైగా నివాస సౌకర్యం కల్పించితిమని చెప్పింది. మరుసటి సంవత్సరం అమెరికా సెనేటర్ చార్లెస్ గ్రాస్లీ విడుదల చేసిన నివేదిక సేకరించిన ధనములో సుమారు నాలుగవ వంతు సంస్థ అంతర్గత ఖర్చులకే పోయినదని తేల్చింది.

రెండవ చిక్కు పద్దుల విభజనలో ఉన్నది. భారత నిబంధనల ప్రకారం కార్యాలయపు అద్దె, పాలకవర్గపు ప్రయాణాలు, గుమాస్తాల జీతాలు నిర్వహణ వ్యయములో చేరుతాయి. ఆసుపత్రిలోని వైద్యుని జీతము, పాఠశాలలోని ఉపాధ్యాయుని జీతము చేరవు. కావున ఆసుపత్రి నడిపే సంస్థను, తుఫాను ముందు జాగ్రత్తలపై గ్రామస్థులకు శిక్షణనిచ్చే సంస్థను ఒకే శాతముతో తూచుట న్యాయము కాదు. వస్తురూప విరాళాలది మరొక మెలిక. మందులకు, పాత దుస్తులకు దాత దేశపు ధర కట్టినచో కార్యక్రమ వ్యయం పెరిగి, నిర్వహణ వ్యయం శాతం దానంతటదే తగ్గి కనిపించును.

ఆడిటరు ధ్రువపత్రమునకు కూడ హద్దు ఉన్నది. రశీదులు, వోచర్లు, బ్యాంకు ఖాతా సరిపోలినవని ఆడిటరు చెప్పగలడు. వోచరులో వ్రాసిన బియ్యపు బస్తా ఆ ఇంటికి చేరినదో లేదో చెప్పుట ఆయన పని కాదు.

నమోదు రద్దులు

బాలల స్పాన్సర్‌షిప్ పద్ధతిన నిధులు తెచ్చే అమెరికా సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్‌ను హోం శాఖ 2016లో ముందస్తు అనుమతి జాబితాలో చేర్చింది. మతమార్పిడులకు నిధులు ఇచ్చుచున్నదన్న ఆరోపణను సంస్థ ఖండించింది. 2017 మార్చిలో అది భారతదేశములో కార్యక్రమాలను ముగించగా 1.4 లక్షల మందికి పైగా పిల్లలకు సాయం నిలిచిపోయింది. చెన్నై ప్రధాన కార్యాలయముగా పనిచేసే వరల్డ్ విజన్ ఇండియా నమోదు 2024 జనవరిలో రద్దయినది. ఇటువంటి నిర్ణయాలలో జవాబు చెప్పవలసినది సంస్థ ప్రభుత్వానికి. సాయం పొందుచున్న కుటుంబాల అభిప్రాయము అడుగు ఏర్పాటు చట్టములో లేదు.

బాధితులకు జవాబుదారీతనం

2004 సునామీ సహాయముపై అనేక సంస్థలు కలసి జరిపిన మూల్యాంకనం 2006లో వెలువడినది. సహాయ సంస్థలు దాతల వైపు చూచినంతగా బాధితుల వైపు చూడలేదని, స్థానిక సంఘాలను పక్కకు నెట్టినవని అది విమర్శించింది. అంతకు ముందే 1994 నాటి రెడ్ క్రాస్ ప్రవర్తనా నియమావళి, 1997లో ఆరంభమైన స్ఫియర్ ప్రాజెక్టు కనీస ప్రమాణాలను సూచించాయి. 2014లో కోర్ హ్యుమానిటేరియన్ స్టాండర్డ్ వచ్చినది. ఇవన్నీ సంస్థలు స్వచ్ఛందముగా అంగీకరించునవే.

డెల్టాలో జాబితా తయారీయే అసలు కీలకము. ఇక్కడ సాగు అధిక భాగం కౌలుదారుల చేతిలో ఉన్నది. భూమి రికార్డు ఆధారముగా పంట నష్టపు జాబితా వ్రాసినచో యజమాని పేరు వచ్చి, నష్టపోయిన కౌలు రైతు పేరు జారిపోవును. ఇట్టి లోపమును పట్టుకొనుటకు ఆంధ్ర ప్రదేశ్‌లోనే ఒక పద్ధతి ఉన్నది. ఉపాధి హామీ పథకములో 2006 నుండి జరిపిన సామాజిక తనిఖీలో హాజరు పట్టీలను ఊరందరి ఎదుట చదివి వినిపించేవారు. దీనికై 2009లో ప్రత్యేక సొసైటీ ఏర్పడినది. విదేశీ నిధులతో నడిచే సంస్థలు ఇటువంటి తనిఖీ జరపవలెనన్న నిబంధన ఏదియు లేదు.

సమాచార హక్కు చట్టము ప్రభుత్వము నుండి గణనీయముగా నిధులు పొందే స్వచ్ఛంద సంస్థలకు వర్తించునని సుప్రీంకోర్టు 2019లో తీర్పునిచ్చింది. కేవలం విదేశీ విరాళాలపై నడిచే సంస్థ దీని పరిధిలోనికి రాదు. ఇక మిగిలినది హోం శాఖ వెబ్‌సైటు. 2022 వరకు మండపేటలోని పాఠకుడెవరైనను తూర్పు గోదావరి జిల్లాలో ఏ సంస్థకు, ఏ దేశము నుండి, ఏ పనికి ఎంత సొమ్ము వచ్చినదో అందులో చూడగలిగేవాడు. 2022 జూలై 1న మూడు నెలలకొకసారి వివరాలు ప్రకటించవలెనన్న నిబంధన తొలగించబడినది. అదే నెలలో సంస్థల వార్షిక పత్రాలు కూడ ప్రజలకు కనిపించకుండ తీసివేయబడ్డాయి. అదే సంస్థ దాత దేశములో నమోదై ఉన్నచో అక్కడి లెక్కలు చూడవచ్చును. అమెరికాలో ఫారం 990, బ్రిటన్‌లో చారిటీ కమిషన్ ప్రచురించే వార్షిక లెక్కలు ఎవరికైనను ఉచితముగా లభించును. అయితే వాటిలో ఖర్చు దేశము లేదా ఖండము పేరిట కనిపించునే గాని, జిల్లా పేరిట కాదు.