పిక్క పిక్కకీ లెక్కే

ఉదయం పదిన్నర. అంగన్‌వాడీ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చాప మీద పిల్లల సరసన చతికిలబడండి. మధ్యలో వామనగుంటల పీట ఉంది. వరుసకు ఏడు చొప్పున మొత్తం 14 గుంటలు. టీచరమ్మ డబ్బా మూత తీసి చింతపిక్కలు గుమ్మరిస్తుంది. ఎర్రగౌను పిల్ల అప్పుడే ఒక పిక్కను గచ్చు మీద రుద్ది, పక్కవాడి మోచేతికి చుర్రుమనిపించింది.

"నీ ముందు ఎన్నున్నాయిరా నాన్నా?"

నాలుగేళ్ల బుడ్డోడు గడగడా ఇరవై దాకా చదివేస్తాడు. పిక్కలు ఐదే. నోరు ఉరుకుతోంది, వేలు వెనకబడింది.

"ఒక్కోటీ పక్కకు జరుపుతూ చెప్పు."

జరుపుతాడు. ఒకటి... రెండు... ఐదు.

"అయితే ఎన్ని?"

వాడు మళ్లీ ఒకటి నుంచి మొదలెడతాడు. నవ్వకండి. చివర పలికిన అంకే మొత్తమని వాడికింకా తట్టలేదు. లెక్కింపుకు ఐదు సూత్రాలున్నాయని 1978లో పుస్తకం రాసిన గెల్మన్, గాలిస్టెల్ వాటిలో దీన్నీ ఒకటిగా చేర్చారు. ఒంట్లు వల్లించడం వేరు, లెక్కపెట్టడం వేరు.

గుంటకు మూడేసి వేశారు, ఆట మొదలు. ఎర్రగౌను పిల్ల ఒక గుంట ఊడ్చి, తర్వాతి గుంటల్లో ఒక్కోటీ వేసుకుంటూ పోతోంది. ఒకచోట రెండు జారాయి. "దొంగాట! దొంగాట!" గుంటకు ఒక్కటే పడాలన్న నియమానికి పిల్లలే కాపలా. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి ఆడాలి. పక్కది ఖాళీ అయితే దాని అవతలి గుంటలోవన్నీ గెలుచుకున్నట్టే.

ఈసారి ఆ పిల్ల చెయ్యి గాల్లోనే ఆగింది. మూడున్న గుంటా, నాలుగున్న గుంటా? వేలితో ముందుకు కొలుచుకుంటోంది. ఏది తీస్తే చివరి పిక్క ఖాళీ గుంటకు సరిగ్గా ముందు పడుతుందో చూసుకుంటోంది. పలక మీద కూడికలు ఇంకా మొదలు కాలేదు.

ఆట ముగిసింది. ఈ వయసువాళ్లు పిక్కల్ని ముక్కులో దూర్చుకుంటారు, అందుకే లెక్క చూడందే డబ్బా మూత పడదు. పదేసి కుప్పలు పెట్టారు. నాలుగు కుప్పలూ, పైన ఒక్కటీ.

"రోజూ రెండు మిగులుతాయి కదా టీచరమ్మా! ఒకటి తక్కువైంది!"

తీసివేత వాళ్లకెవరూ నేర్పలేదు. చాప ఎత్తి వెతకాలట, మీరు కాస్త లేవండి.