ఈ మాంసం ఏ జంతువుది?

తోలు తీసి ముక్కలు కొట్టాక అది మేకో గొర్రో చెప్పడం కష్టం. అందుకే మన వైపు చాలా కొట్లలో వేలాడదీసిన వేటకు తోక ఉంచుతారు. ఏ చట్టం కన్నా పాత లేబుల్ అది. ఖీమాకు, సాసేజీకి, కరిగించిన కొవ్వుకు తోక ఉండదు. అక్కడ అమ్మేవాడి మాట నమ్మాలి, లేదా పరీక్ష చేయించాలి. మాంసం లేబుల్ చట్టాల చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య నడిచిందేనని నాకనిపిస్తుంది.

మన చరిత్రలో పేరు రాయని కొవ్వు పెద్ద గొడవ తెచ్చింది 1857లో. ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాలకు పూసింది ఆవు కొవ్వా, పంది కొవ్వా అన్న అనుమానం సిపాయిల్లో పాకింది. తిరుగుబాటుకు ఇంకా చాలా కారణాలున్నాయి. కాని ఆ కొవ్వు విషయంలో ప్రత్యేక జాగ్రత్తలు తీసుకున్నట్టు లేదని ఆయుధ శాఖ అధికారే ఒప్పుకున్నాడు. అలాంటప్పుడు సర్కారు ఎంత బుజ్జగిస్తే మాత్రం ఎవరు నమ్ముతారు?

బ్రిటన్‌లో 1889లో ఒక చట్టం వచ్చింది. గుర్రపు మాంసం అమ్మే కొట్టు మీద ఆ సంగతి కనీసం నాలుగంగుళాల అక్షరాలతో రాయాలి. గాడిద, కంచర గాడిద మాంసం కూడా దాని కిందికే వస్తాయి. తినొద్దని ఆ చట్టం అనలేదు, చెప్పి అమ్మమంది. ఈ తేడా ముఖ్యం.

మరి చెప్పకుండా అమ్మితే పట్టుకునేదెలా? 1901లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఉలెన్‌హుత్ దారి చూపాడు. ఒక జంతువు ప్రోటీన్‌ను కుందేలుకు ఎక్కించి, దాని రక్తం నుంచి సీరం తీస్తే, ఆ సీరం అదే జంతువు ప్రోటీన్ తగిలినప్పుడు తెల్లగా విరుగుతుంది. రక్తపు మరకలకు వాడిన ఈ పరీక్షనే ఆయన మాంసం తనిఖీకీ పనికొస్తుందని చూపాడు. అయితే మేక, గొర్రె వంటి దగ్గరి జాతుల దగ్గర, బాగా ఉడికిన మాంసం దగ్గర అది తడబడేది.

మన దేశంలో 1983లో మళ్లీ కొవ్వే. దిగుమతి చేసుకున్న గొడ్డు కొవ్వును వనస్పతిలో కలిపారని పార్లమెంటు దాకా గొడవ జరిగింది. ఇప్పటి మన నిబంధనల్లో పంది కొవ్వు, గొడ్డు కొవ్వు ఉంటే వాటి పేరుతోనే రాయాలని ఉంది. 2001లో ప్యాకెట్ల మీదికి మాంసాహారానికి గోధుమ రంగు చుక్క, శాకాహారానికి పచ్చ చుక్క వచ్చాయి. 2020 నిబంధనలతో గోధుమ చుక్క త్రికోణమైంది. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ప్రతి పదార్థమూ మొక్క నుంచి వచ్చిందో, జంతువు నుంచి వచ్చిందో, ల్యాబులో తయారైందో చెప్పాలంది. బాగానే ఉంది. కాని ఇవన్నీ ముందు తీర్చేది శాకాహారి సందేహాన్నే. గుడ్డుకైనా, చేపకైనా, పందికైనా అదే గోధుమ గుర్తు. కొట్లో కోసి ఇచ్చే మాంసానికి అదీ లేదు. అడిగింది కాక వేరేది అమ్మడం 2006 ఆహార భద్రతా చట్టం ప్రకారం తప్పే, కాని పరీక్షిస్తేనే కదా తప్పు బయటపడేది!

లేబుల్ ఉన్నంత మాత్రాన అది నిజమనుకోకూడదు. 2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ 27 బీఫ్ బర్గర్ల ఫలితాలు ప్రకటించింది. పదింటిలో గుర్రపు డి.ఎన్.ఏ., 23టిలో పంది డి.ఎన్.ఏ. దొరికాయి. ఒక దాంట్లో గొడ్డుమాంసంతో పోలిస్తే గుర్రం 29 శాతం. బీఫ్ అని అమ్మిన సరుకు అది!

ఇక దాద్రీ. 2015 సెప్టెంబరు 28 రాత్రి ఆవును కోశారన్న పుకారుతో గుంపు ఇంట్లో జొరబడి ఒక మనిషిని కొట్టి చంపింది. మాంసం పరీక్షకు వెళ్లింది తర్వాత. మొదటి రిపోర్టు మేక జాతి అంది, తర్వాతి ల్యాబు రిపోర్టు ఆవు లేదా దాని సంతతి అంది. దేశమంతా ఏ రిపోర్టు నిజమని వాదించుకుంది. నా దృష్టిలో ఆ వాదనే తప్పుదారి. ఏది నిజమైనా హత్య హత్యే. శాస్త్రాన్ని గుంపుకి సాక్షిగా నిలబెట్టడం హేతువాదం కాదు.

ఆ శాస్త్రం మన ఇంటి పక్కనే ఉంది. హైదరాబాద్ సి.సి.ఎం.బి.లో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ సైటోక్రోమ్-బి జన్యువులోని చిన్న ముక్కతో జంతుజాతిని గుర్తించే పద్ధతిని రూపొందించి 2003లో ప్రచురించారు. వన్యప్రాణుల వేటగాళ్లను పట్టుకోవడానికి అది అక్కరకొచ్చింది. చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ కూడా మాంసం ఏ జాతిదో తేలుస్తుంది.

కాబట్టి నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్యాకెట్ మీదా, కొట్టు బోర్డు మీదా జంతువు పేరు ఉండాలి. మేకంటే మేక, గొర్రంటే గొర్రె, బర్రంటే బర్రె. ఆహార తనిఖీ అధికారులు కొట్ల నుంచి నమూనాలు తీసి ఫలితాలు బయటపెట్టాలి. ఆ పరీక్ష కొనేవాడి హక్కు కోసం జరగాలి. ఎవరి వంటింట్లో ఏముందో వెతకడానికి మాత్రం కాదు.