కోనసీమలో కోవిడ్ కాలపు మధుమేహ వైద్యం

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమలో 2020–21 కోవిడ్ కాలాన షుగరు రోగుల వైద్యానికి పెద్ద అడ్డంకి దూరమే. అప్పటికి ఈ ప్రాంతం తూర్పు గోదావరి జిల్లాలో భాగం. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ మొదలై బస్సులు ఆగాయి. రాజోలు, కొత్తపేట పల్లెల వారికి అమలాపురం వెళ్లి చూపించుకోవడం కష్టమైంది. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 14410 నంబరుతో టెలిమెడిసిన్ ప్రారంభించింది. జూలై 1న మండలానికొకటి చొప్పున ‘104’ సంచార వైద్య వాహనాలు వచ్చాయి.

ఆగస్టు వరదకు లంక గ్రామాలు మునిగాయి. కరోనాకు తోడు పడవ ప్రయాణం. ఇలాంటి చోట మాత్రల కంటే ఇన్సులిన్‌తోనే చిక్కు. తెరవని సీసాను 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో, కరెంటు పోయినప్పుడు మట్టికుండ ఆదుకుంటుంది: సీసాను నీరు చొరని సంచిలో కట్టి, తడి ఇసుకలో నిలిపిన కుండలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పుతారు. తడి ఆరేకొద్దీ లోపల కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. ఫ్రిజ్ అంత చల్లదనం రాకపోయినా వాడుతున్న సీసాకు ఎండ వేడి తగలదు.

2021 రెండో విడతలో కోవిడ్‌కు వాడిన స్టెరాయిడ్లు షుగరును అమాంతం పెంచాయి. అదుపు తప్పిన షుగరు ఉన్నవారికే బ్లాక్ ఫంగస్ ముప్పు ఎక్కువ; మే నెలలో దాని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చారు. స్టెరాయిడ్ మొదలైన రోజు నుంచే గ్లూకోమీటరుతో తరచూ చూసుకుంటూ, డాక్టరు సలహాతో ఇన్సులిన్ మోతాదు మార్చుకోవడం అన్నిటికన్నా అవసరమైన జాగ్రత్త.