అగత్తి ద్వీపము

అగత్తి అరేబియా సముద్రములోని లక్షద్వీప్ కేంద్రపాలిత ప్రాంతమునకు చెందిన ఒక పగడపు ద్వీపము. ఇది కేరళలోని కొచ్చికి పడమరగా సుమారు 460 కిలోమీటర్ల దూరములో ఉన్నది. ప్రశాంతమైన తీరము, సముద్రగర్భ విహారము, సూర చేపల వేట ఈ ద్వీపమునకు ప్రసిద్ధి తెచ్చినవి. ఈ మూడింటికీ ఆధారము దీని చుట్టూ ఉన్న పగడపు దిబ్బయే.

భౌగోళికము

ద్వీపము పొడవు సుమారు 7 కిలోమీటర్లు. వెడల్పు ఒక కిలోమీటరుకు మించదు. పడమటి వైపున పగడపు దిబ్బకు, తీరమునకు మధ్య లోతు తక్కువైన విశాలమైన ఉప్పునీటి మడుగు ఉన్నది. దీనిని లగూన్ అంటారు. పెద్ద అలలు దిబ్బను తాకి విరిగిపోవుట వలన మడుగులోని నీరు నిలకడగా ఉండును. 2011 జనాభా లెక్కల ప్రకారము ఇక్కడ సుమారు ఏడున్నర వేల మంది నివసించుచున్నారు. వారి మాతృభాష మలయాళమునకు చెందిన జెసరి అను మాండలికము.

చేపల వేట

ఇక్కడి ముఖ్యమైన వృత్తి సూర చేపల వేట. జాలరులు మొదట లగూన్ లో చిన్న చేపలను పట్టి, పడవలోని తొట్టిలో ప్రాణముతో ఉంచుదురు. సముద్రములో సూర చేపల గుంపు కనబడగానే ఈ ఎర చేపలను నీటిలోనికి విసరి, నీటిని చిమ్ముదురు. ఎరకు ఎగబడిన చేపలను పొడవైన కర్రలకు కట్టిన గాలములతో ఒక్కొక్కటిగా పైకి లాగుదురు. వలలు వాడరు గనుక తాబేళ్ళు, ఇతర జలచరములు చిక్కుకొనుట అరుదు. పట్టిన చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి "మాస్" అను నిల్వ పదార్థమును తయారు చేయుదురు.

పర్యాటకము

లక్షద్వీప్ లోని ఏకైక విమానాశ్రయము 1988లో ఇక్కడ ప్రారంభమైనది. కొచ్చి నుండి ఓడలో కూడ చేరవచ్చును. ద్వీపములో ప్రవేశించుటకు ముందుగా అనుమతి పత్రము పొందవలెను. అక్టోబరు నుండి మే మధ్య వరకు సముద్రము అనుకూలముగా ఉండును. నైరుతి ఋతుపవన కాలములో అల్లకల్లోలముగా మారును. ఈత రానివారు సైతము గాజు అడుగు గల పడవలలో కూర్చుండి పగడములను చూడవచ్చును. స్నార్కెలింగ్, స్కూబా డైవింగ్ చేయువారికి రంగురంగుల చేపలు, పచ్చ తాబేళ్ళు కనిపించును. పగడములను త్రొక్కుట, విరచుట, సేకరించుట నిషిద్ధము.

మంచినీరు

ఇక్కడ నదులు లేవు. ఇంకిన వాననీరు భూగర్భములో ఉప్పునీటిపై పలుచని పొరగా తేలియుండును. ఎక్కువగా తోడినచో బావులు ఉప్పుబారును. 2011లో సముద్రపు నీటిని మంచినీటిగా మార్చు కేంద్రము ఏర్పడినది. వెచ్చని ఉపరితల జలమును తక్కువ పీడనములో ఆవిరిచేసి, లోతు నుండి తెచ్చిన చల్లని నీటితో ఆ ఆవిరిని ద్రవముగా మార్చుట దీని పద్ధతి.

పగడములకు ముప్పు

పగడపు జీవుల దేహములో సూక్ష్మమైన శైవలములు నివసించి వాటికి ఆహారమును అందించును. సముద్రజలము మితిమీరి వేడెక్కినపుడు జీవులు వాటిని విడిచి తెల్లబడును. వేడి కొనసాగినచో మరణించును. లక్షద్వీప్ లో 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో ఇట్లు విస్తారముగా జరిగినది. దిబ్బ క్షీణించినచో పర్యాటకులు చూచు అందము మాత్రమే పోదు. వేటకు ఎర చేపలు తగ్గును, అలలు నేరుగా తీరమును కోయును, బావులలోనికి ఉప్పునీరు చేరును. కావున పగడముల రక్షణ ద్వీపవాసులకు మనుగడ సమస్య.