పాత టెలిఫోన్లకు కొత్త మైక్రోఫోన్లు

పాత డయల్ ఫోన్ల హ్యాండ్‌సెట్‌లో మాట్లాడే వైపు ఉండేది కార్బన్ మైక్రోఫోన్. పలుచని రేకు వెనుక బొగ్గు రవ్వలు ఉంటాయి. గొంతు ఒత్తిడికి అవి దగ్గరైతే విద్యుత్ నిరోధం తగ్గుతుంది, వదులైతే పెరుగుతుంది. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే కరెంటు ఆ మేరకు మారుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రవ్వలు గడ్డకడతాయి. మాట మందగించి గరగర మొదలవుతుంది. హ్యాండ్‌సెట్‌ను అరచేత్తో తట్టితే కాసేపు కుదుటపడుతుంది, అంతే.

దాని స్థానంలో ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎలెక్ట్రెట్ మైక్రోఫోన్. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ రూపొందించిన రకమిది. దీన్ని నేరుగా తగిలిస్తే పనిచేయదు. దీనికి సాధారణంగా ఒక మిల్లీ ఆంపియర్ కూడా అక్కర్లేదు. లైనులో మాత్రం సుమారు 20 మిల్లీ ఆంపియర్లు పారాలి, లేకుంటే ఫోన్ ఎత్తిన సంగతే ఎక్స్ఛేంజీకి తెలియకపోవచ్చు. పైగా కార్బన్ మైక్రోఫోన్ ఇచ్చేంత బలమైన సంకేతం దీని నుంచి రాదు. అందుకే ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌తో పాటు, తీగలు ఎటు కలిపినా పనిచేసేలా డయోడ్ బ్రిడ్జి కూడా ఉండి, పాత డబ్బీ కొలతల్లోనే వచ్చే యూనిట్‌ను ఎంచుకోవాలి.

వెస్టర్న్ ఎలక్ట్రిక్ 500 మోడల్‌లో మూత తిప్పితే మైక్రోఫోన్ చేతిలోకి వస్తుంది. స్ప్రింగ్ కాంటాక్టుల మీద కొత్తది పెట్టి మూత బిగిస్తే చాలు. బాగా పనిచేస్తున్న కార్బన్ మైక్రోఫోన్‌ను మార్చడం మాత్రం దండగ.